చివరి పేరా

అమ్మా,

నీ రెండు చేతులకూ ముద్దుపెట్టి రాస్తున్నాను. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, స్తాంకా పెద్దమ్మా, ఆవిడ మేకలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను. కొండ మీద అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నారన్నావు. ఇక్కడ ఇంకా అంత చలి లేదు. పొద్దున పూట డాన్యూబ్ మీద మంచు పరుచుకుంటుంది, పది గంటలకల్లా విడిపోతుంది. ఈ రోజు ఆదివారం. అపార్ట్‌మెంట్ వెనక ఆడవాళ్ళంతా ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నారు. మెట్ల మీద కూడా ఆ వాసనే. నేనూ ఇరవై కిలోలు కాల్చి, తొక్కలు వలిచి, సీసాలకెత్తాను. వేడి మీద వలవడంతో వేళ్ళ కొసలు కాలాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం పక్కనే పెట్టుకున్నాను. అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను.

ప్లామెన్ నడుం నొప్పి గురించి అడిగావు. రేవులో క్రేన్ పని మాన్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. కూర్చుని కూర్చుని నడుం ఇంకా పట్టేస్తోందంటాడు. నువ్వు చెప్పిన ఉప్పు కాపడం రెండు రోజులు పెట్టించుకుని మూడో రోజు విసుక్కున్నాడు. నీ అల్లుడి సంగతి నీకు తెలుసుగా.

బాల్కనీలో నీ సువాసన జెరానియం బతికే ఉంది. మొన్న సీమదానిమ్మ జామ్‌లో నాలుగాకులు వేశాను. నువ్వు చేసినట్టు రాలేదు. మిలా రుచి చూసి, “అమ్మమ్మది ఇలా ఉండదు” అని చెంచా పక్కన పెట్టేసింది. నువ్వు అల్లి పంపిన సాక్సులు మాత్రం పడుకునేటప్పుడు కూడా విప్పడం లేదు.

మిలాకి టైపు నేర్పిస్తున్నావా అని అడిగావు. లేదమ్మా. రెండు వేళ్ళతో కొట్టుకుంటోంది, కొట్టుకోనీ. నాకు తొమ్మిదేళ్ళు వచ్చినప్పుడు నువ్వు నాన్నచేత ప్లైవుడ్ పెట్టె ఒకటి చేయించావు. మీటలు కనబడకుండా చేతులు అందులో పెట్టి కొట్టాలి. తప్పు పడినప్పుడల్లా మణికట్టు మీద స్కేలు. రెండేళ్ళు అలా నేర్పావు. ఆ తరవాత ఒకరోజు స్కేలు బల్ల మీద పడేసి, “దీనివి చెక్క వేళ్ళు” అన్నావు నాన్నతో. నాకు ఇరవై మూడేళ్ళప్పుడు ఆసుపత్రిలో టైపిస్టు ఖాళీ వచ్చింది. అప్పటి పెద్ద డాక్టరు, “మీ అమ్మాయిని తీసుకుందామా రైనా గారూ?” అని అడిగితే, “వద్దండి, అది పనికి రాదు, దానివి చెక్క వేళ్ళు” అన్నావు. గదిలో నలుగురున్నారు. నేను తలుపవతల దరఖాస్తు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్ను రికార్డుల సెక్షన్లో, కంప్యూటర్ల దగ్గర వేశారు. పదకొండేళ్ళు మనిద్దరం ఒకే వరండాలో పని చేశాం గానీ ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు నిష్ఠూరంగా రాయడం లేదు. ముందుకి చదివేటప్పుడు నీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను.

ఇక ఇస్క్రా. “ఆ పిల్ల ఇంకా నా కుర్చీలోనే కూర్చుంటోందా?” అని అడిగావు. లేదు. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరూ లేరు. అది ఎలా జరిగిందో చెప్పాలంటే మహిళా దినోత్సవం రోజు నుంచి మొదలుపెట్టాలి. ఆ రోజు ఆసుపత్రి హాలు మధ్యలో కూర్చున్నది నువ్వే గానీ, నువ్వు తెర వైపు తిరిగి ఉన్నావు. మాకు కనబడినవి నీకు కనబడలేదు.

మన పెద్ద డాక్టరు తోపాలోవ్ ఆడవాళ్ళందరికీ తలొక కార్నేషన్ పువ్వు పంచాడు. తరవాత గ్లాసు మీద చెంచాతో కొట్టి, “ఈసారి ఒక వేడుక పెట్టాను. మన రైనా గారు జిల్లాలోకెల్లా చురుకైన వేళ్ళు గల మనిషి. మన ఇస్క్రా నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. పది డిశ్చార్జి కాగితాలు. ఎవరు ముందు పూర్తి చేస్తారో చూద్దాం” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు వద్దన్నావు. “నవ్వులాటకి పని చేయనండి” అన్నావు. అంబులెన్స్ డ్రైవర్ స్పాస్ వెనక నుంచి, “భయపడుతున్నావా పిన్నీ?” అన్నాడు. అప్పుడు కార్డిగన్ విప్పి కుర్చీకి తగిలించి కూర్చున్నావు. నీ మణికట్టుకి మిలా కట్టిన మార్చి నెల ఎరుపూ తెలుపూ దారం ఉంది.

నువ్వు మొదలుపెట్టావు. మొదటి నిమిషం హాలంతా ఆ చప్పుడే. వాన రేకుల మీద ఒకే తీరున పడుతున్నట్టు ఉంది. కాగితం మీద నుంచి చూపు తిప్పలేదు నువ్వు. అవతల ఇస్క్రా ఎడమచేత్తో పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ, కుడిచేత్తో రెండు అక్షరాలు కొట్టి ఒక మీట నొక్కేది. పేరా మొత్తం తెర మీద పడేది. ఇంకో రెండు అక్షరాలు, ఇంకో పేరా. ఆ రెండక్షరాల వెనక పేరా దాచిపెట్టడాన్నే మాక్రో అంటారని తోపాలోవ్ అందరికీ వివరించాడు. ఆరు నిమిషాల్లో ఆ పిల్ల పది కాగితాలూ ముగించి గింజల పొట్టు దులుపుకుంది. నువ్వు మూడో కాగితంలో ఉన్నావు.

నవ్వులు మొదలయ్యాయి. “పిన్నీ, నీ వేళ్ళలోంచి పొగలొస్తున్నాయి, బకెట్టు నీళ్ళు తేనా?” అన్నాడు స్పాస్. తోపాలోవ్, “చాల్లెండి రైనా గారూ, తేలిపోయింది” అన్నాడు. నువ్వు ఆపలేదు. అతను మళ్ళీ చెప్పాడు. నువ్వు ఆపలేదు. అందరూ కేకు కోసుకుని తిన్నారు, ఎవరో రేడియో పెట్టారు, లాబొరేటరీ అమ్మాయిలు గొలుసు కట్టి ఆడడం కూడా మొదలుపెట్టారు. నీ చుట్టూ తిరుగుతూనే ఆడారు. నువ్వు పదో కాగితం దాకా కొట్టి, వెనక్కి వెళ్ళి ఒక అక్షరం దిద్ది, ప్రింట్లు తీసి, అంచులు కలిపి సర్ది, “ఎవరు చదువుతారు?” అని అడిగావు. సంగీతంలో నీ మాట ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

అప్పుడు తోపాలోవ్ నీ బహుమతి ఇచ్చాడు. రంగు కాగితంలో చుట్టిన అల్లిక సూదులూ, ఒక ఉన్ని ఉండా. “ఇంత చురుకైన వేళ్ళు ఖాళీగా ఉండకూడదు కదా” అన్నాడు. నువ్వు, “ధన్యవాదాలండి” అన్నావు. సోమవారం రాజీనామా ఇచ్చావు. నెల తిరగకుండా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోయావు.

తరవాత సంగతులు నీకు తెలియవు. నీ గదిలో మిగతా ఇద్దరినీ బట్టలుతికే సెక్షన్‌కి మార్చారు. నలుగురి పనీ ఇస్క్రా ఒక్కతే చేసింది, రోజుకి అరవై కాగితాలు. నన్ను సెక్షన్ హెడ్డు చేశారు, అది నీకు రాశాను. నువ్వు పెద్దమ్మ చేత బానిత్సా రొట్టెలు చేయించి ఊరంతా పంచావని రాశావు.

మే నెలలో ఇస్క్రా నా దగ్గరికి వచ్చింది. “అక్కా, ఆ మాక్రోలో చివరి పేరా ఒక్కటి విడగొట్టవా? ‘ఆరోగ్యం మెరుగుపడి ఇంటికి పంపుతున్నాం’ అన్నదానితో కలిసి ‘పడని మందులేవీ లేవు’ అన్నది కూడా పడిపోతోంది. ఆ మందు ముక్క వేరుగా ఉంటే మంచిది. ఒక్కోసారి డాక్టర్లు మాట రికార్డు చేసి పంపే టేపు చివర్లో ఇంకేదో చెబుతున్నారు. నేను అప్పటికే మీట నొక్కేస్తున్నాను” అంది.

“చూసుకుని నొక్కు” అన్నాను.

“అరవై కాగితాలక్కా.”

“మా అమ్మ రోజుకి ముప్పై చేసేది, ఒక్క తప్పు పడేది కాదు. నీకు మీట నొక్కడం కూడా బరువైతే చెప్పు, బట్టల సెక్షన్లో ఖాళీ ఉంది.”

ఆ పిల్ల తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. పేరాని విడగొట్టడం పది నిమిషాల పని. పది నిమిషాలు లేక కాదు. దాంట్లో లోపం ఉందని ఎవరికీ తెలియడం నాకు ఇష్టం లేక.

కొల్యో గురించి అడిగావు. “ఊపిరితిత్తులకి చలి పట్టి ఆసుపత్రిలో చేరాడని విన్నాను, లేచి క్లారినెట్ వాయిస్తున్నాడా?” అని రాశావు. ఈ ప్రశ్నకి జవాబు రాయలేక మూడు వారాలు నీకు ఉత్తరం రాయలేదమ్మా. కొల్యో పోయాడు. సెప్టెంబరు పదకొండున.

నా పెళ్ళికి వాయించిన కొల్యో. నీ కిటికీ కింద నిలబడి, నీ టైపు చప్పుడుకి జత కలిపి క్లారినెట్ వాయించి, నువ్వు కిటికీ తీసి తిట్టేదాకా కదలని కొల్యో. ఆగస్టులో చేరినప్పుడు పెన్సిలిన్ ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. మందు మార్చారు, కోలుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు చిన్న డాక్టరు అతనితో, “నీకు ఒక మందు పడదు తాతా. పేరు గుర్తుంచుకోలేవులే. ఎక్కడికెళ్ళినా ఈ కాగితం చూపించు, అందులో ఉంటుంది” అని చెప్పాడు. టేపులో కూడా చివర స్పష్టంగా చెప్పాడు. ఆ టేపు తరవాత నేను విన్నాను. ‘మెరుగుపడి ఇంటికి పంపుతున్నాం’ అన్న ముక్క దాకా విని ఇస్క్రా టేపు ఆపేసింది. మీట నొక్కింది. పేరా పడింది. తోపాలోవ్ చదవకుండా సంతకం పెట్టాడు.

మూడు వారాల తరవాత గొంతు వాచి కొల్యో పేటలోని క్లినిక్‌కి వెళ్ళాడు. నర్సు సూది మందు సిద్ధం చేస్తూ, “నీకేమైనా మందులు పడవా తాతా?” అని అడిగింది. “ఏదో ఒకటి పడదన్నారమ్మా. పేరు తెలీదు. ఇదిగో కాగితం, ఇందులో ఉంటుంది చూడు” అని జేబులోంచి తీసి ఇచ్చాడు. నర్సు చదివింది. “ఏమీ లేదని రాశారు తాతా, వాళ్ళు ఇంకెవరి గురించో చెప్పి ఉంటారు” అంది. “అయితే సరే” అన్నాడట. చొక్కా చెయ్యి పైకి మడిచాడట. పది నిమిషాలు కూడా పట్టలేదు. కుర్చీలోంచి లేవలేదు.

అంత్యక్రియలైన మూడో రోజు అతని భార్య దోంకా నల్ల తలగుడ్డ కట్టుకుని టైపు గదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పి బల్ల మీద పరిచి, “ఇది రాసిందెవరమ్మా?” అని అడిగింది. కోపంగా కాదు. దుకాణంలో ధర అడిగినట్టు అడిగింది.

ఇస్క్రా లేచి నిలబడింది. “నేను టైపు చేశానండి.”

“నీకు మా ఆయన మీద ఏమైనా కోపమా?”

“లేదండి. ఆయనెవరో కూడా తెలీదు.”

“ఆయన ఈ కాగితాన్ని దిండు కింద పెట్టుకునేవాడు. ఏమిటా పిచ్చి అంటే, ఇందులో నా ప్రాణం రాసుంది అనేవాడు. నాకు చదవడం రాదు. చదివి వినిపించు.”

ఇస్క్రా చదివింది. చివరి పేరా దగ్గర ఆగింది. దోంకా, “పూర్తిగా చదువు” అంది. పూర్తిగా చదివించుకుంది. నేను తెర వైపు చూస్తూ నిలబడ్డాను. అందులో రాసి ఉన్న వాక్యం నాది. పెళ్ళాం బిడ్డలున్న ఏ మనిషినీ తలుచుకోకుండా, ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతూ నేను రాసిన వాక్యం.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్నకి వస్తాను. ఇది ఉత్తరం అడుగున, కాగితం అంచున, చిన్న అక్షరాలతో రాశావు. అందుకే ముందు నా కంట పడలేదు. “ఆ రోజు పందెంలో నా వేళ్ళు మూడు నాలుగు సార్లు వాటి చోటు తప్పాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. గాబ్రొవోలో నరాల డాక్టరు వణుకు మొదలైందేమోనని మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే రోజంతా మత్తుగా ఉంటోంది. నువ్వు వెనక నిలబడి చూశావు కదా. నిజం చెప్పు. నా చేతులు నెమ్మదించాయా?” అని అడిగావు.

లేదమ్మా. నీ చేతులకి ఏమీ కాలేదు. ఆ మాత్రలు ఆపేసెయ్యి. లేదు, ఒక్కసారిగా ఆపకూడదేమో, ఆ డాక్టర్ని అడిగి ఆపు.

చూపుడు వేళ్ళు వాటి చోటు పట్టుకోవడానికి రెండు మీటల మీద చిన్న ఉబ్బెత్తు గీతలుంటాయే, అవి ఆ రోజు హాల్లో నీకు పెట్టిన కీబోర్డు మీద లేవు. ముందురోజు మీరంతా భోజనానికి వెళ్ళినప్పుడు నేను బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. చెయ్యి ఎత్తి మళ్ళీ పెట్టినప్పుడల్లా నీ వేళ్ళు వాటికోసం వెతుక్కోవడం నేను చూశాను. నీ వెనకే నిలబడి చూశాను. నువ్వు కిందికి చూస్తే ఒక్క క్షణంలో తెలిసిపోయేది. నువ్వు చూడవని నాకు తెలుసు. నాకూ అలాగే నేర్పావు కదా.

ఆ పది కాగితాలు ఏరింది కూడా నేనే. పదిమందీ హెర్నియా ఆపరేషన్ రోగులు, ఒకే వయసు వాళ్ళు, ఒకే మందులు. వాళ్ళకి సరిగ్గా సరిపోయే పేరాలు ముందే ఇస్క్రా కంప్యూటర్లో పెట్టాను. ఆ పిల్లకి అది తెలీదు. మీ ఇద్దరికీ ఇచ్చినవి రోజూ వచ్చే మామూలు కాగితాలేననుకుంది.

ఎందుకంటే, నిజంగా పోటీ పెడితే నువ్వే గెలుస్తావమ్మా. ఫిబ్రవరిలో తోపాలోవ్ నాచేత రహస్యంగా లెక్క తీయించాడు. వారం రోజులు నీ పని ఎంత, నా మాక్రోలతో ఇస్క్రా పని ఎంత అని. మనుషుల రోగాలు ఒకలాగ ఉండవు. ఆ పిల్ల మీట నొక్కి, మళ్ళీ వెనక్కి వెళ్ళి వయసూ, మందూ, కుడో ఎడమో అన్నీ దిద్దుకునేసరికి, నువ్వు తిన్నగా కొట్టుకుంటూ పోయి ఇంకో కాగితం మొదలుపెట్టేదానివి. ఆ లెక్క చూపిస్తే తోపాలోవ్ మొహం మాడ్చుకున్నాడు. “నలుగురిలో, ‘ఇది కుడి కిడ్నీయా ఎడమ కిడ్నీయా డాక్టరు గారూ?’ అని కాగితం వెనక్కి పంపుతుంది నీ తల్లి. ఆ మనిషిని తీసేయడానికి నా దగ్గర కారణం లేదు. తనంతట తనే పోవాలి. చెయ్యగలవా?” అన్నాడు. టైపు గది మూసేస్తే సెక్షన్ హెడ్డువి నువ్వేనన్నాడు.

హెడ్డు పదవి కోసం చేశానని చెప్పుకుంటే నాకు తేలిగ్గా ఉండేది. అందుకోసం కాదు. నువ్వు పదిమందిలో ఓడిపోవడం నాకు చూడాలనిపించింది. సూదులూ ఉన్నీ కొనుక్కొచ్చింది కూడా నేనే. నీలం రంగు నీకు ఇష్టమని ఏరి మరీ కొన్నాను. ఆ ఉన్నితోనే నువ్వు మిలాకి సాక్సులు అల్లి పంపావు.

నువ్వు ఎవరు చదువుతారని అడిగినప్పుడు నేను ముందుకొచ్చి ఆ కాగితాలు అందుకుని ఉండవచ్చు. పువ్వు వాసన చూస్తూ నిలబడ్డాను. ఆ పది కాగితాలూ అందరూ వెళ్ళాక చదివాను. ఒక్క తప్పు కూడా లేదు. అందులో ఏడో రోగికి అయోడిన్ పడదని కింద ఒక మూల చేతిరాతతో ఉంది. నేను కూడా గమనించలేదు. నువ్వు టైపు చేశావు. ఇస్క్రా దాంట్లో అది లేదు. ఆ పేరాలు ఇలాంటివి మింగేస్తాయని ఆ రోజే నాకు తెలుసమ్మా.

ఇంకొక్కటి ఉంది. ఇది రాయడానికి మిరపకాయల వంక పెట్టుకుని పొద్దున్నుంచీ రెండుసార్లు కలం కింద పెట్టాను.

పోయిన వారం సోఫియా నుంచి తనిఖీకి ఇద్దరు వచ్చారు. మమ్మల్ని తోపాలోవ్ గదిలో కూర్చోబెట్టారు. “ఈ పేరా కంప్యూటర్లో ఎవరు పెట్టారు?” అని అడిగారు.

“నాకు ఇచ్చారండి” అంది ఇస్క్రా.

“ఎవరిచ్చారు?”

ఆ పిల్ల నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు. నేనే చెబుతానని ఎదురు చూసింది.

“మా అమ్మ పెట్టింది” అన్నాను. “ఉద్యోగం మానేసే ముందు, కొత్తవాళ్ళకి పనికొస్తుందని తనే రాసి పెట్టి వెళ్ళింది.”

ఎక్కడా తడబడలేదు. నా నోట్లోంచి వాక్యం మొత్తం ఒక్కసారిగా, తయారుగా వచ్చేసింది. తోపాలోవ్ గట్టిగా ఊపిరి వదిలాడు. “రైనా గారా. పాపం, పాతకాలం మనిషి. కంప్యూటర్ల సంగతి తెలియక చేసుంటారు. ఏమైనా, ఇప్పుడు ఆమె ఉద్యోగంలో లేరు కదా” అని వాళ్ళకి కాఫీ తెప్పించాడు.

వరండాలో ఇస్క్రా నా చెయ్యి పట్టుకుని ఆపింది. “అక్కా, రైనా పిన్ని జన్మలో ఒక్క మాక్రో వాడలేదు. ఈ ఆసుపత్రి గోడలకి కూడా తెలుసు.”

“గోడలు సంతకం పెట్టవు” అన్నాను.

చెయ్యి వదిలేసింది. ఆ సాయంత్రమే ఆమెని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇప్పుడు నూనె మిల్లులో సీసాలకి లేబుళ్ళు అంటిస్తోంది. నిన్న బజార్లో ఎదురుపడింది. పలకరిస్తుందేమోనని తల దించుకున్నాను. పలకరించలేదు.

నీ దగ్గరికి ఎవరూ రారు, భయపడకు. నీకు అరవై మూడేళ్ళు, ఉద్యోగంలో లేవు. నిన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు. రికార్డులో నీ పేరు పక్కన ఒక వాక్యం రాస్తారు, అంతే. దోంకాకి కూడా నీ పేరే చెబుతారు. అది తప్పదు.

దీంతోపాటు రెండు కాగితాలు పెట్టాను. మొదటిది తోపాలోవ్ రాయించినది. ఆ పేరా తయారుచేసింది నువ్వేనని ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది. కింద నీ సంతకానికి చోటు ఉంది. రెండోది నేను రాశాను. పేరా నాదేననీ, ఇస్క్రా ముందే చెప్పినా వినలేదనీ, మా అమ్మకి దీంతో సంబంధం లేదనీ, మొత్తం ఉంది. పందెం సంగతి కూడా ఉంది. దాని కింద నేనింకా సంతకం పెట్టలేదు. నువ్వు అది తిరిగి పంపితే పెడతాను. ఒట్టు. ఆ తరవాత నా ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారంటున్నారు. మిలాకి నువ్వే ఏదో ఒకటి చెప్పాల్సి ఉంటుంది.

కమిటీ ఇరవయ్యో తారీఖున కూర్చుంటుంది. పద్దెనిమిదికల్లా రెండింట్లో ఒకటి నాకు అందాలి. రెండోది చింపెయ్యవచ్చు.

నువ్వు ఏది పంపుతావో నాకు తెలుసమ్మా. తెలిసే రెండూ పెట్టాను.

పెద్దమ్మకి నా ముద్దులు చెప్పు. చలిలో బయట తిరగకు.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు,
నెవెనా

తా.క. సంతకం నీలం సిరాతో పెట్టాలట. నల్ల సిరాతో పెడితే తీసుకోరు.